మూడు జన్యువులతో ప్లాస్టిక్ వస్తుంది, అసలు పని ఆ తర్వాతే

తిండి పుష్కలంగా ఉన్నా నత్రజనో భాస్వరమో కరువైతే బ్యాక్టీరియా పెరగలేదు. అప్పుడు కొన్ని జాతులు మిగులు కార్బన్‌ను పీహెచ్‌బీ (పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్) అనే పాలిస్టర్ ప్లాస్టిక్ గుళికలుగా మార్చి, గాదెలో ధాన్యంలా ఒంట్లోనే దాచుకుంటాయి. 1926లో ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ లెమోయిన్ బాసిల్లస్ మెగటేరియం అనే బ్యాక్టీరియాలో దీన్ని గుర్తించాడు. ఈ విద్యలో ఆరితేరినది మాత్రం కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియా. దాని ఎండు బరువులో 80 శాతం దాకా పీహెచ్‌బీయే ఉండగలదు.

అలాంటిదాన్ని వదిలి, పీహెచ్‌బీ తయారుచేసే జన్యువులను ప్రయోగశాలల్లో మామూలుగా వాడే ఈ. కోలై బ్యాక్టీరియాలోకి మార్చడం దేనికి? ఆకలేస్తే కుప్రియావిడస్ దాచుకున్నది తానే తినేస్తుంది. ఈ. కోలైకి ఆ గుళికలను కరిగించే ఎంజైమ్ లేదు. పైగా నత్రజని కొరత పెట్టకపోయినా, పెరుగుతూనే ఆ పాలిమర్‌ను, అంటే గొలుసు అణువుల పీహెచ్‌బీని, తయారు చేస్తుంది.

మార్చాల్సిన జన్యువులు మూడే. మొదటిదాని ఎంజైమ్ గ్లూకోజ్ విరిగితే వచ్చే అసిటైల్-కోఏ అణువులను రెండేసి అతుకుతుంది. రెండోది కణంలో ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ అణువును ఖర్చుపెట్టి దాన్ని హైడ్రాక్సీబ్యూటిరైల్-కోఏగా మారుస్తుంది. మూడోది వాటిని పీహెచ్‌బీ గొలుసుగా అల్లుతుంది. 180 గ్రాముల గ్లూకోజ్‌లోని ప్రతి ఆరు కార్బన్లలో రెండు కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి, చేతికొచ్చే పీహెచ్‌బీ 86 గ్రాములు. ఇది కాగితం మీది లెక్క. కణాల పెరుగుదలకూ శ్వాసకూ పోయేది కలిపితే కిలో ప్లాస్టిక్‌కు దాదాపు మూడు కిలోల చక్కెర పడుతుంది. ధర ఎందుకు దిగిరాదో వేరే చెప్పాలా?

జన్యువులు పనిచేస్తున్నాయో లేదో చూడటం తేలిక. బ్యాక్టీరియాను పెంచే అగార్ పళ్లెంలో మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాముల నైల్ రెడ్ అనే రంగు కలిపి, అతినీలలోహిత దీపం కింద పెడితే పాలిమర్ ఉన్న కాలనీలు మెరుస్తాయి.

తిప్పలు ఫర్మెంటర్‌లో, అంటే బ్యాక్టీరియాను పెంచే ట్యాంకులో, మొదలవుతాయి. గ్లూకోజ్ ఎక్కువైనా, ఆక్సిజన్ తక్కువైనా ఎసిటేట్ అనే ఆమ్ల వ్యర్థం పేరుకుని పెరుగుదల మందగిస్తుంది. అందుకే లీటరుకు 700 గ్రాముల గ్లూకోజ్ ఉన్న చిక్కటి ద్రావణాన్ని విడతలవారీగా పోస్తారు. ఎప్పుడు పోయాలో పీహెచ్ మీటరే చెబుతుంది: చక్కెర అయిపోగానే పీహెచ్ పైకి లేస్తుంది, పంపు తిరుగుతుంది. పీహెచ్ దిగితే అమ్మోనియా నీళ్లు పోస్తారు, దాంతో నత్రజనీ అందుతుంది.

ఇంకో బెడద ప్లాస్మిడ్, అంటే ఆ మూడు జన్యువులను మోసే చిన్న డీఎన్‌ఏ వలయం. దాన్ని వదిలించుకున్న కణానికి మోత తగ్గుతుంది కాబట్టి అది వేగంగా పెరిగి ట్యాంకును ఆక్రమిస్తుంది. అలాంటి కణాలను చంపడానికి పెద్ద ట్యాంకులో యాంటీబయాటిక్ పోయడం డబ్బు దండగ. దీనికి హాక్-సాక్ అనే జన్యువుల జంటను ప్లాస్మిడ్‌లోనే అమరుస్తారు. అందులో విషం తాలూకు ఆర్‌ఎన్‌ఏ చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు ఆర్‌ఎన్‌ఏ ఇట్టే నశిస్తుంది. ప్లాస్మిడ్ పోయిన కణానికి విరుగుడు మళ్లీ తయారు కాదు, అది చస్తుంది. మొండి ఉపాయమే, కానీ పనిచేస్తుంది.

గుళికలను బయటికి తీయడానికి ప్రయోగశాలలో క్లోరోఫామ్ చాలు, ఫ్యాక్టరీకి అది తగదు. గుళికలతో ఉబ్బిన ఈ. కోలై కణాలు పెళుసుగా ఉంటాయి. లీటరుకు 8 గ్రాముల కాస్టిక్ సోడా వేసి, 30 డిగ్రీల దగ్గర గంటసేపు కలియబెడితే కణం కరిగి పాలిమర్ మిగులుతుంది. వేడీ సమయమూ పెంచుకుంటూ పోతే ఆ సోడాయే పాలిమర్ గొలుసును కలిపి ఉంచే ఎస్టర్ బంధాలనూ కొరికేస్తుంది.

కడిగి ఆరబెట్టిన పొడితోనూ పేచీ తప్పదు. అది కరిగేది దాదాపు 175 డిగ్రీల వద్ద. అక్కడికి కాస్త పైనే గొలుసులు తెగడం మొదలవుతుంది కాబట్టి మోల్డింగ్ యంత్రంలో ఎక్కువసేపు ఉంచకూడదు. మామూలు గదిలో నిల్వ ఉంచినా స్ఫటికీకరణ సాగుతూనే ఉండి వస్తువు రానురాను పెళుసెక్కుతుంది. గొలుసులో అక్కడక్కడ హైడ్రాక్సీవాలరేట్ అనే మరో రకం ముక్క చేరిస్తే కాస్త వంగుతుంది, తక్కువ వేడికే కరుగుతుంది. కుప్రియావిడస్‌తో ఇలా చేయాలంటే ప్రొపియోనిక్ ఆమ్లం తాగించాలి. మోతాదు మించితే బ్యాక్టీరియాకు అదే విషం.