టవల్ ఏనుగు కూర్చుంది సరే, టిప్పు ఎంతివ్వాలి? క్రూయిజ్ సరదాల మీద అపోహలు - వాస్తవాలు

క్రూయిజ్ షిప్పుల్లో క్యాబిన్ స్టీవార్డ్‌గా పనిచేస్తాను. పక్కలు వేయడం, బాత్రూమ్ కడగడం, చెత్త తీయడం, సాయంత్రం మంచం మీద టవల్‌తో ఓ ఏనుగునో కోతినో కూర్చోబెట్టడం నా పని. మొదటి మూడింటి గురించి ఎవరూ అడగరు. నాలుగోదాని గురించి అడగని గెస్టు అరుదు. అడిగితే మంచిదే, అడక్కుండా ఊహించుకునేవాళ్లతోనే చిక్కు. ఈ చిన్న సరదాల వెనక టవళ్ల లెక్క ఒకటుంది, నిమిషాల లెక్క ఒకటుంది. ఆ రెండూ తెలియకపోవడం వల్లే అపోహలన్నీ.

అపోహ: బొమ్మలు కింద లాండ్రీలోనే తయారై వస్తాయి. వాటికి వేరే మెషీన్ ఉంటుంది.

వాస్తవం: మెషీన్ లేదు, ప్రత్యేకంగా ఆర్టిస్టూ లేడు. మీ పక్క సర్దిన మనిషే చేస్తాడు. పని ఒత్తిడి ఉన్న రోజు కొందరు తలలు ముందే చుట్టి పెట్టుకుంటారు, అంతవరకే. పూర్తి ఏనుగును ట్రాలీలో పెట్టుకుని తిరిగితే నాలుగు క్యాబిన్లు దాటేలోపు దాని నడుం వాలిపోతుంది.

ఎలా చేస్తామో చెబుతాను, దాచుకునే విద్యేం కాదు. ఒంటికి చుట్టుకునే పెద్ద టర్కీ టవల్‌ను మంచం మీద పరిచి, పొట్టి అంచులు రెండింటినీ రెండు వైపుల నుంచి మధ్యకు చుట్టుకుంటూ రావాలి. పక్కపక్కనే రెండు చుట్టలు తయారవుతాయి. ఆ రెండింటినీ కలిపి సగానికి వంచి నిలబెడితే చుట్టల నాలుగు కొసలూ కాళ్లు, వంపు దగ్గర వీపు. ఇక తల. చేతులు తుడుచుకునే చిన్న టవల్‌ను కాగితం విమానానికి వేసే మొదటి మడతలా ఒకవైపు మొన వచ్చేలా మడవాలి. ఏటవాలుగా ఉన్న రెండు అంచుల్నీ మధ్యకు చుడితే మొన వైపు తొండం వస్తుంది. వెడల్పుగా మిగిలిన గుడ్డను సర్ది విప్పితే చెవులు. తొండం కొసను కాస్త పైకి వంచి, తలను వీపు మీద ఆనిస్తే అయిపోయింది. చేయి తిరిగినవాడికి ఒకటి రెండు నిమిషాల పని.

పిన్నులు, జిగురు ఏమీ ఉండవు. టవల్ మీద ఉండే సన్నటి దారపు ఉచ్చులు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే బొమ్మ నిలబడుతుంది. అందుకే చుట్టడంలో బిగువు ముఖ్యం. ఇంట్లో ప్రయత్నించి కుదరక వదిలేసినవాళ్లు చాలామంది మడతలు తప్పని అనుకుంటారు. మడతలు సరిగ్గానే వేసి ఉంటారు, చుట్ట వదులై ఉంటుంది. మరీ మందంగా, మెత్తగా ఉన్న ఖరీదైన టవళ్లు ఈ పనికి రావు. సాదా టవల్ తీసుకోండి.

ఇంకో సంగతి. మాకు పదుల కొద్దీ జంతువులు వచ్చని గెస్టులు అనుకుంటారు. నిజానికి మూడు నాలుగు ఒళ్లు వస్తే చాలు. రెండు చుట్టల్ని సగానికి మడిచి, లోపల దాక్కున్న నాలుగు మూలల్నీ బయటికి తీసి, రెండేసి పట్టుకుని రెండు వైపులకూ లాగితే కాళ్లూ చేతులూ సాగిన ఒళ్లు వస్తుంది. దాని మీద ఏ తల పెడితే ఆ జంతువు. పడుకోబెడితే కుక్కపిల్ల, హ్యాంగర్‌కు తగిలిస్తే కోతి.

అపోహ: ఇది పాతకాలపు నావికుల కళ.

వాస్తవం: నావికులకూ దీనికీ సంబంధం ఉన్నట్టు ఆధారాలు లేవు. గుడ్డను మడిచి బొమ్మలు చేసే అలవాటు మాత్రం పాతదే. 17వ శతాబ్దంలో ఐరోపా రాజుల విందు బల్లల మీద నార రుమాళ్లను పక్షులుగా, చేపలుగా మడిచి పెట్టేవారు. కాగితం మడిచి బొమ్మలు చేసే జపాన్ వాళ్ల ఓరిగామి సంగతి అందరికీ తెలిసిందే. షిప్పుల్లో టవల్ బొమ్మలకు పేరు తెచ్చింది మాత్రం కార్నివాల్ అనే అమెరికా క్రూయిజ్ సంస్థ, అదీ 1990లలో. గెస్టులకు మడతలు నేర్పే పుస్తకం కూడా ఆ సంస్థే వేసింది. కొన్ని ప్రయాణాల్లో రాత్రికి రాత్రి డెక్ మీది కుర్చీలన్నీ టవల్ జంతువులతో నింపేస్తారు. పొద్దున్నే కాఫీకి వచ్చినవాళ్లకు కూర్చోవడానికి చోటుండదు. ఫొటోలు తీసుకునే హడావుడిలో ఆ విషయం ఎవరికీ పట్టదు.

అపోహ: వాడేసిన టవళ్లతో చేస్తారు. ముట్టుకోకపోవడమే మంచిది.

వాస్తవం: ఉతికిన టవళ్లతోనే చేస్తాం. తడి టవల్‌తో చేద్దామన్నా బొమ్మ నిలబడదు. మీకు ఇంకో టవల్ కావలసి వస్తే నిరభ్యంతరంగా ఏనుగును విప్పి ఒళ్లు తుడుచుకోండి. మేమేమీ నొచ్చుకోం. విప్పినా విప్పకపోయినా చివరికి అది లాండ్రీకి వెళ్లాల్సిందే.

టవళ్ల లెక్క అన్నాను కదా, అదిక్కడే వస్తుంది. హౌస్‌కీపింగ్‌లో మామూలుగా ఒక్కో క్యాబిన్‌కు మూడు జతలు చూసుకుంటారు. ఒకటి గదిలో, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మరాలో. వారం రోజుల బొమ్మల్ని విప్పకుండా సోఫా మీద వరసగా కూర్చోబెట్టే పిల్లలుంటారు. చూడ్డానికి నాకూ ముచ్చటగానే ఉంటుంది. అలాంటి గదులు ఒకే వరసలో నాలుగైదు తగిలితే మాత్రం నా అల్మరా ఖాళీ. అందుకే పాత బొమ్మను తీసుకోవచ్చా అని అడుగుతాం. అక్కర్లేదంటే ఇచ్చేయండి. కావాలంటే ఉంచుకోండి, కానీ సూట్‌కేసులో పెట్టుకుని దిగకండి. ఆ టవల్‌కు బిల్లు వేసే సంస్థలున్నాయి.

అపోహ: బొమ్మకు నా కళ్లద్దాలు పెట్టారంటే నా సామాన్లు వెతికినట్టే.

వాస్తవం: ఈ అనుమానం వచ్చినవాళ్లను తప్పుపట్టను. గది మీది, వస్తువులు మీవి. పద్ధతి ఏమిటంటే, టేబుల్ మీదో దిండు పక్కనో బయట ఉన్న వస్తువు తప్ప దేన్నీ ముట్టుకోం. సొరుగు, బ్యాగు తెరిచే ప్రశ్నే లేదు. చలువ కళ్లద్దాలు, టోపీ, టీవీ రిమోట్ వరకూ ఫరవాలేదు. ఫోన్, నగలు, చూపు కళ్లద్దాలు నేనైతే తాకను. బోర్లా పెట్టిన పుస్తకాన్ని కోతి చేతిలో పెట్టాలని చాలా అనిపిస్తుంది, కానీ పేజీ తప్పిపోతుంది, అందుకని మానేస్తాను. మీ వస్తువులు అసలు వాడొద్దంటే ఒక్కమాట చెప్పండి, కళ్లకు కాగితం ముక్కలు అతికిస్తాం.

అపోహ: బొమ్మ పెట్టారంటే టిప్పు అడుగుతున్నట్టు. ఇవ్వకపోతే మర్నాటి నుంచి రాదు.

వాస్తవం: చాలా పెద్ద సంస్థల్లో సర్వీస్ ఛార్జీ రోజుకు ఇంత అని మనిషి లెక్కన మీ బిల్లులోనే పడుతుంది. అందులో క్యాబిన్ సిబ్బందికి వాటా ఉంటుంది. కొన్ని సంస్థలు టికెట్లోనే కలిపేస్తాయి. ఆ పైన ఇచ్చేది మీ ఇష్టం. ఇస్తే సంతోషం, సంతోషం కాదని బుకాయించను. కానీ ఏనుగు బిల్లు కాదు.

ఒకరోజు బొమ్మ రాకపోతే స్టీవార్డ్ అలిగాడని కంగారుపడకండి. తొంభై పాళ్లు కారణం మీ తలుపుకే వేలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నం నిద్రకని 'డిస్టర్బ్ చేయవద్దు' అనే కార్డు తగిలించి, అది తీయకుండానే భోజనానికి వెళ్లిపోయి ఉంటారు. అది ఉండగా మేం తలుపు తట్టం.

అపోహ: వీళ్లకు బోలెడు ఖాళీ, అందుకే బొమ్మలు చేస్తూ కూర్చుంటారు.

వాస్తవం: దీనికి నవ్వాలో ఏడవాలో తెలియదు. సముద్ర ఉద్యోగుల కోసం 2006లో కుదిరి 2013 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతికి చట్టం రాయాల్సి వచ్చిందంటే మిగతా గంటలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. కాంట్రాక్టు ఉన్న నెలలన్నీ వారానికి ఏడు రోజులూ పనే. బొమ్మలు చేసేది మీరు డిన్నర్‌కు వెళ్లిన కాస్త వ్యవధిలో. దుప్పటి మడత తీసి, కర్టెన్ వేసి, టవళ్లు మార్చాక మిగిలిన రెండు నిమిషాలు ఏనుగువి. ఒక గది అయితే సరదానే, వరస మొత్తం అయితే లెక్క వేసుకోండి.

అపోహ: క్రూయిజ్ అంటే ప్రతి షిప్పులోనూ, ప్రతి రాత్రీ టవల్ బొమ్మ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. బాగా ఖరీదైన చిన్న షిప్పుల్లో ఈ ఆనవాయితీ తక్కువ. కొన్ని సంస్థలు అడిగినవాళ్లకే చేసే పద్ధతికి మారాయి. నీళ్లు, కరెంటు ఆదా అని కారణం చెబుతారు, అందులో నిజం లేకపోలేదు. షిప్పులో వాడే మంచినీటిలో చాలా భాగం సముద్రపు నీటినుంచి ఉప్పు తీసి తయారుచేసుకునేదే, దానికి ఇంధనం ఖర్చవుతుంది. బొమ్మ కోసం రెండు టవళ్లు అదనంగా ఉతకడం అంటే ఆ నీళ్లే. రోజుకు రెండుసార్లు గది సర్దడాన్ని కొన్నిచోట్ల ఒకసారికి తగ్గించడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. సాయంత్రం రౌండే లేకపోతే సాయంత్రపు ఏనుగు ఎక్కడినుంచి వస్తుంది?

అపోహ: అలలకు షిప్పు ఊగితే బొమ్మలు పడిపోతాయి.

వాస్తవం: మంచం మీదివి పడవు. నీటి అడుగున షిప్పుకు రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉండి ఊపును తగ్గిస్తాయి. హ్యాంగర్ కోతి మాత్రం ఊగుతుంది. అలలు గట్టిగా ఉన్న రాత్రి నేను కోతిని వేలాడదీయను. కడుపులో తిప్పుతున్న మనిషి మంచం మీంచి దాన్నే చూస్తూ పడుకుంటే ఇక తెల్లవార్లూ టెన్షనే.

చిన్నచిన్న అపోహలు ఇంకొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. క్యాబిన్ గోడకు ఏమీ తగిలించలేమనుకుంటారు. చాలా షిప్పుల్లో గోడలు ఉక్కువి, అయస్కాంతం కొక్కెం తెచ్చుకుంటే టోపీ, తడి ఈతబట్టలు హాయిగా వేలాడదీయొచ్చు. టేపు మాత్రం అంటించకండి, ఆ మరక గోకేది నేనే. బఫే గుమ్మంలో చేతులకు శానిటైజర్ కొడితే చాలనుకుంటారు. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దారి. లిఫ్టులో 'మంగళవారం' అని రాసున్న కార్పెట్ అలంకారం కాదు, రోజూ అర్ధరాత్రి మారుస్తారు. సెలవులో వారం మరిచిపోయిన జనానికి అది నిజంగానే పనికొస్తుంది. మెట్ల మూలల్లో, కిటికీ గట్ల మీద దొరికే రబ్బరు బాతుల్ని దాచేది మేం కాదు, మీలాంటి గెస్టులే. 2018లో కార్నివాల్ బ్రీజ్ షిప్పులో ఒక పదేళ్ల అమ్మాయి మొదలుపెట్టిన ఆట అది. దొరికితే ఉంచుకోవచ్చు, మళ్లీ దాచొచ్చు. లైఫ్‌బోట్ల దగ్గర, అమ్మకానికి పెట్టిన వస్తువుల మధ్య మాత్రం దాచకండి.

చివరగా, అడగడానికి మొహమాటపడేవాళ్ల కోసం. మీకు ఫలానా జంతువు కావాలంటే మధ్యాహ్నంలోపు చెప్పండి, లేదా చీటీ రాసి దిండు మీద పెట్టండి. మీ షిప్పులో టవల్ బొమ్మల క్లాసు ఉంటే ఓసారి కూర్చోండి, మీ చేత్తోనే చేయిస్తారు. జిరాఫీ అడిగితే మెడ నిలబెట్టలేక తిప్పలు పడతాం. పాము అడిగితే మాకు పండగే.