కొత్త మెమరీ వచ్చిందంటే షేరు కొనేయాల్నా? అపోహలు - వాస్తవాలు

కర్నూల్లో కంప్యూటర్ సర్వీస్ షాపు నాది, ర్యాములు పీకి పెట్టడంలోనే పాతికేళ్ళు గడిచిపోయినాయి. ఈమధ్య ర్యామ్ రేటు అడగనీకి వచ్చిన పిల్లోళ్ళు రేటు విని నోరెళ్ళబెట్టి, మళ్ళీ వాళ్ళే "అన్నా, అయితే ఏ మెమరీ కంపెనీ షేరు కొనమంటావు" అంటాండారు. కష్టపడి సంపాదించిన డబ్బులు కదా, అందుకే రాస్తాండా.

అపోహ: స్పీడున్న టెక్నాలజీనే గెలుస్తాది.

వాస్తవం: 2000లో ఇంటెల్ వాళ్ళ పెంటియమ్ 4 ప్రాసెసర్ కొత్తగా వచ్చినప్పుడు దాంట్లో ర్యాంబస్ అనే కంపెనీ వాళ్ళ స్పీడు ర్యామ్ ఆర్‌డీర్యామ్ తప్ప వేరేది పట్టేది కాదు, జతలుగానే వేయాల, ఖాళీ స్లాట్‌లో కూడా ఉత్త కార్డు ముక్కొకటి పెట్టాల, లేకుంటే బూట్ కాదు, పైగా రేటు మండిపోయేది. దానికి పోటీగా వచ్చిన డీడీఆర్ ర్యామ్‌ని అందరూ తయారు చేసినారు, రేటు దిగింది, ఆర్‌డీర్యామ్ కథ ముగిసింది, ఆకాశంలో ఉన్న ర్యాంబస్ షేరూ కూలింది. ఆప్టేన్ అనే మెమరీ కూడా అంతే. 2015లో ఇంటెల్, మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ కలిసి, పెన్‌డ్రైవుల్లో ఉండే ఫ్లాష్ మెమరీ కంటే వెయ్యి రెట్లు స్పీడన్నారు, 2021లో మైక్రాన్ తప్పుకునింది, 2022లో ఇంటెల్ మూసేసింది. డిస్కుని స్పీడు చేసే ముక్కకి "16 జీబీ ఆప్టేన్" అని రాసిండేది చూసి అదంతా ర్యామే అనుకుని ల్యాప్‌టాప్ కొన్నోళ్ళు నా దగ్గరికి వచ్చి, లోపల ర్యామ్ 4 జీబీనే అని తెలిసి ఎంత బాధపడినారో నాకు తెలుసు.

అపోహ: ఏఐ చిప్పులకి వాడే హెచ్‌బీఎం మెమరీ వచ్చింది, ఇంక డీర్యామ్ (మన మామూలు ర్యామ్‌లో ఉండే చిప్పు రకం) పని అయిపాయ.

వాస్తవం: హెచ్‌బీఎం అంటేనే డీర్యామ్, చిప్పుల్ని దోసెల మాదిరి ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపినారంతే. ఫ్యాక్టరీలు దానికి మళ్ళినాయి కాబట్టే మన మామూలు ర్యామ్ కరువై రేటు పెరిగింది.

అపోహ: ఇప్పుడు లాభాలు దండిగా ఉండాయి, ఇంక తిరుగులేదు.

వాస్తవం: ఉల్లిగడ్డ వేసే ఊర్ల నుంచి వచ్చినోళ్ళకి ఇది నేను చెప్పాల్నా? రేటుందని అందరూ వేస్తారు, పంటంతా ఒకేసారి యార్డుకొస్తే రేటు పడిపోతాది. చిప్పుల ఫ్యాక్టరీ కట్టనీకి ఏళ్ళు పడతాది, అది తయారయ్యేలోపు మార్కెట్ మారిపోయింటాది. కిమోండా, ఎల్పిడా అనే మెమరీ కంపెనీలు 2009లో ఒకటి, 2012లో ఒకటి దివాలా తీసినాయి, మైక్రాన్ అంతటిదే 2023 ఆర్థిక సంవత్సరంలో 580 కోట్ల డాలర్లు పోగొట్టుకునింది.

అపోహ: గుజరాత్‌లో మైక్రాన్ ప్లాంట్ పెట్టినారు, దాని షేరు మన ఎన్ఎస్ఈలోనే కొనొచ్చు.

వాస్తవం: సాణంద్‌లో చేసేది అసెంబ్లీ, టెస్టింగ్. షేరుండేది అమెరికా నాస్‌డాక్‌లో.

రేపు ఇంకో కొత్త పేరు వింటే ముందు జీబీకి ఎంత పడుతుంది, ఎంతమంది తయారు చేస్తాండారు అని అడగండి. అయస్కాంతం సూత్రంతో పనిచేసే ఎంర్యామ్ అనే మెమరీనే చూడండి, కరెంటు పోయినా డేటా పోదు, నాకు నిజంగా ఇష్టమైన టెక్నాలజీ, కానీ చిప్పులో పట్టేది ఇంకా మెగాబైట్ల లెక్కలోనే, నా కౌంటర్ మీదికైతే ఇంతవరకూ ఒక్కటీ రాలేదు.