రైలును తిట్టి లాభం లేదు

కాజీపేట వైపు గూడ్సు బండి కదిలిందంటే చాలు, హనుమకొండలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో అందరూ గడియారం చూసేవాళ్లు. అక్కడ పిల్లలు చేత్తో కట్టుకున్న ఇంటర్‌ఫెరోమీటర్ ఉంది. లేజర్ వెలుగును రెండు పాయలుగా చీల్చి మళ్లీ కలిపితే గోడ మీద చారలు పడతాయి. ఒక అద్దం వెంట్రుకలో వందో వంతు కదిలినా చార పక్కకు జరుగుతుంది. బండి వెళ్తుంటే చారలు చెదిరిపోయేవి.

దానికి విరుగుడుగా కరీంనగర్ గ్రానైటు పలక తెప్పించి, దాని కింద స్కూటర్ ట్యూబులు పెట్టారు. బండి వణుకు చాలావరకు తగ్గింది. కానీ కొత్త తంటా మొదలైంది. ఎవరైనా నడిస్తే చారలు నింపాదిగా అటూ ఇటూ ఊగుతున్నాయి. దారానికి వేలాడదీసిన అద్దమైతే ఉయ్యాలే. పైగా గంట గంటకూ చారలన్నీ ఒకే దిక్కుకు జారిపోతున్నాయి. అయినా నింద మాత్రం రైలు మీదే.

ఈ తగాదాకు నూట నలభై ఏళ్లు దాటాయి. 1881లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్ మొదటి ఇంటర్‌ఫెరోమీటర్‌ను బెర్లిన్‌లో పెడితే, వీధి రద్దీకి అర్ధరాత్రి దాటాక కూడా చారలు సరిగా నిలవలేదు. పొట్స్‌డామ్ అబ్జర్వేటరీకి మార్చాడు. అక్కడ కూడా వంద మీటర్ల దూరంలో ఎవరైనా కాలు నేలకేసి కొడితే చారలు మాయమయ్యేవట. 1887లో మోర్లే అనే మరో శాస్త్రవేత్తతో కలిసి చేసినప్పుడు మీటరున్నర చదరపు రాతి పలకను పాదరసం మీద తేలించారు. మన ట్యూబుల మీది గ్రానైటు ఆ పలకకు పేద చుట్టమే.

మెత్తటి ఆధారం మీద ఏది పెట్టినా దానికంటూ ఒక సొంత ఊపు ఉంటుంది. పావు మీటరు దారానికి కట్టిన బరువు సెకనుకు ఒకసారి ఊగుతుంది. కింద నేల అంతకంటే బాగా వేగంగా వణికితే బరువు పట్టించుకోదు. సెకనుకు పదిసార్లు వచ్చే వణుకులో దానికి చేరేది నూరో వంతే. నేల సరిగ్గా సెకనుకు ఒకసారి కదిలిందా, ఉయ్యాలను తాళానికి తగ్గట్టు తోసినట్టే, ఊపు పెరుగుతుంది. అంతకంటే నెమ్మదిగా కదిలితే బరువూ నేలతో పాటే పోతుంది, ఆపేదేమీ ఉండదు. అంటే ట్యూబులు వణుకును మింగలేదు, తంటాను కింది ఫ్రీక్వెన్సీకి దించాయంతే. మరి ఇంకా పొడుగు దారం కడితే? పది సెకన్లకు ఒక ఊపు కావాలంటే దాదాపు 25 మీటర్ల దారం కావాలి. ఎనిమిదంతస్తుల మేడ ఎత్తు!

రామప్ప గుడి పునాదిలో ఇసుక పెట్టె ఉందిగా, అలా చేస్తే పోలేదా అని ఒక అమ్మాయి అడిగిందట. 1213 నాటి ఆ పునాది గొప్పదే. ఇసుక రేణువుల రాపిడి కుదుపులోని శక్తిని తినేస్తుంది. పలక కింద ఇసుక పోస్తే ఊపు త్వరగా చల్లారుతుంది కూడా. కానీ ఆరేడు సెకన్లకోసారి వచ్చే కదలికకు ఇసుకా ఒకటే, బండా ఒకటే.

అలాంటి కదలిక నిజంగా ఉంది. సముద్రంలో ఎదురెదురు అలలు కలిసినప్పుడు అడుగు నేల మీద ఒత్తిడి పడి, ఖండాల లోపలికంతా పాకుతుంది. బంగాళాఖాతంలో తుపాను లేస్తే రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వరంగల్ నేలలోనూ ఆ ఊపు ఉంటుంది. చేతి కింది పలకకు దానితో పెద్దగా బాధ లేదు, మొత్తం పలక ఒక్కటిగా కదులుతుంది కాబట్టి. అంతరిక్షం నుంచి వచ్చే గురుత్వ తరంగాలను పట్టడానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో అద్దాలు వేలాడదీసిన పెద్ద ఇంటర్‌ఫెరోమీటర్ లైగోకు మాత్రం అది పెద్ద తలనొప్పి.

లైగో పడ్డ పాట్లు చెప్పుకోవాలి. అమెరికాలోని లివింగ్‌స్టన్ కేంద్రం చుట్టూ కలప తోటలున్నాయి. చెట్లు కొట్టే పగటి పూట మొదట్లో పరికరం పనిచేసేది కాదు, రాత్రి రైలు వస్తే మళ్లీ తిప్పలు. 2004లో ద్రవ ఒత్తిడితో నడిచే అదుపు వ్యవస్థ పెట్టారు. సైస్మోమీటర్ నేల కదలికను పసిగట్టడం, దానికి ఎదురుగా వేదికను నెట్టడం దాని పని. తర్వాతి తరంలో దానిపైన మరో రెండంచెల వేదిక, దాని కింద నాలుగంచెల లోలకం, చివరన 40 కిలోల అద్దం. 2015 సెప్టెంబర్ 14న మొదటి గురుత్వ తరంగం పట్టింది ఈ అమరికతోనే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, సైస్మోమీటర్‌ను నమ్మడంలో. నేల పక్కకు జరిగినా, కొద్దిగా వాలినా లోపలి బరువుకు ఒకేలా అనిపిస్తుంది. కిలోమీటరు పొడుగు కడ్డీ ఒక కొసను మిల్లీమీటరు ఎత్తినంత వాలు చాలు. ఆ వాలు పది సెకన్ల ఊపులో వస్తే 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కదలికలా కనిపిస్తుంది. వంద సెకన్ల ఊపులో వస్తే అదే రెండున్నర మిల్లీమీటర్లు! లేని కదలికను నమ్మి మోటారు వేదికను తోస్తుంది, లోపం మనమే చేతులారా పోసినట్టవుతుంది. గాలికి గోడ వాలినా ఇదే తంతు. అందుకే లైగోలో వాలును విడిగా కొలిచే కడ్డీ పరికరాలు చేర్చారు. ఇటలీలో ఉన్న అలాంటి పరికరం వర్గో దారి వేరు. తలకిందుల లోలకం నిలబెట్టి, సుమారు ఆరు మీటర్ల కాళ్లతోనే ఇరవై ముప్పై సెకన్ల ఊపు సాధించారు.

2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లతో కేంద్రం అనుమతించిన లైగో ఇండియా, నిజామాబాద్‌కు నేరుగా సుమారు నూట యాభై కిలోమీటర్ల దూరంలో, హింగోలి జిల్లా ఔంఢాలో రాబోతోంది. 2024 మార్చి 21న ఆ జిల్లాలో 4.5 తీవ్రత భూకంపం వచ్చింది. అదే ఏడు డిసెంబర్ 4 పొద్దున మన ములుగు 5.3తో ఊగింది. భూకంపాలు ఎప్పుడో వచ్చి పోతాయి. అక్కడి ఇంజినీర్లు రోజూ తలపడాల్సింది ఈ నెమ్మది ఊపులతోనే అని నా అంచనా.

హనుమకొండ ల్యాబ్ కథకొస్తే, నేల వణుకును పట్టడానికి పిల్లలు పెట్టిన చవక జియోఫోన్ 4.5 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు నాలుగున్నర ఊపులది. అంతకంటే కింది కదలిక దానికి సరిగా వినపడదు. గ్రాఫు శుభ్రంగా ఉంది కదా అని ఊరట పడి రెండు నెలలు పోగొట్టుకున్నారు. చివరికి ఒకరు మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పలక మీద పెడితే పొద్దుటికీ సాయంత్రానికీ బుడగ జరిగి ఉంది. ఒక ట్యూబు వాల్వు నుంచి గాలి సన్నగా పోతోంది. ఇప్పుడు ఆ రసమట్టం అక్కడే ఉండిపోయింది, మేస్త్రీకి ఇంకా తిరిగివ్వలేదు.