గునుగు పూలకు వెళ్లే పిల్లలకు

బిడ్డలారా,

ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున్నే మీరు ఐదారుగురు సంచులు పట్టుకుని గునుగు పూలకు వెళ్లడం మా అరుగు మీద కూర్చుని చూశాను. తిరిగి వచ్చేసరికి సంచుల నిండా గునుగు, మీ పాదాల నిండా పత్తి చేను మట్టి. వాకిట్లో కాడలు సరిచేస్తుంటే కత్తెర చాలలేదు. మీలో ఒకరు కాడను పళ్లతో కొరికి ఉమ్మేయడం మొదలుపెట్టారు. ఎంగిలిపూలు అన్న పేరు అలా నోటితో కాడలు తుంచడం వల్లే వచ్చిందని కొందరు పెద్దలు చెబుతారు కూడా. నేను మాత్రం గట్టిగా అరిచాను. పండుగ పూట కసురుకున్నానని మీరు చిన్నబోయారు. ఎందుకు అరిచానో ఆ హడావిడిలో చెప్పలేకపోయాను. ఆ బాకీ తీర్చడానికే ఈ ఉత్తరం.

మీరు పూలు కోసిన పత్తి చేనుకు ముందురోజు సాయంత్రమే పిచికారీ జరిగింది. తైవాన్ పంపు చప్పుడు నాకు ఇంటిదాకా వినిపించింది. ఆకుల మీద పడిన తుంపరే గునుగు కాడల మీదా పడుతుంది. గునుగు కలుపు మొక్క కదా, పత్తి సాళ్ల మధ్య దానికి వేరే దారి ఎక్కడిది?

మనం దాన్ని మందు అంటాం. జ్వరానికి మింగేదీ మందే, పురుగును చంపేదీ మందే. ఒకే మాట కావడంతో భయం పోయింది. ఈ ఉత్తరంలో మాత్రం పురుగుల మీద కొట్టేదాన్ని విషం అనే రాస్తాను. ముప్పై ఏళ్లు వరంగల్‌లో ఒక ఆసుపత్రి అత్యవసర వార్డులో నర్సుగా పనిచేశాను. దానికి వేరే పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఈ విషాల్లో ఒక పెద్ద కుటుంబం ఉంది. ఆర్గానోఫాస్ఫరస్ విషాలు అంటారు. మోనోక్రోటోఫాస్, ఫోరేట్, ట్రయాజోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ అన్నీ ఆ ఇంటివే. 1930లలో జర్మనీలో పురుగులను చంపే రసాయనాల కోసం వెతుకుతున్నప్పుడు ఇదే కుటుంబంలో టాబున్, సారిన్ అనే విషాలు కూడా బయటపడ్డాయి. అవి మనుషుల్ని చంపే యుద్ధాయుధాలయ్యాయి. పురుగు నరానికీ మనిషి నరానికీ పనిచేసే తీరు ఒకటే కాబట్టి ఆ రెండు దారులూ ఒకే చోట మొదలయ్యాయి.

ఆ తీరు ఏమిటో చెబుతాను. మీ తాతల కాలంలో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. మడి తడిసిందాకా తూము తీసి ఉంచడం, తడవగానే మూసేయడం అతని పని. తీయడం కంటే సమయానికి మూయడమే పెద్ద పని. మన నరాల చివర కూడా అలాంటి తూములున్నాయి. మెదడు నుంచి కబురు రాగానే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అక్కడ విడుదలై, ఎదురుగా ఉన్న కండరాన్నో గ్రంథినో కదిలిస్తుంది. పని అయిపోగానే దాన్ని విరిచి తుడిచేసే ఎంజైము ఒకటి అక్కడే కాచుకుని ఉంటుంది. పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. అదే మన ఒంట్లో నీరటి. ఈ విషాలు చేసేదల్లా ఆ నీరటి చేతులు కట్టేయడం. తూము మూసేవాడు లేక వరద మొదలవుతుంది.

వరద అన్నది పోలిక కోసం మాత్రమే కాదు. మనిషి నిజంగానే నీరైపోతాడు. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు, నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు. ఊపిరితిత్తుల్లోనూ నీరు ఊరి, గురగుర శబ్దం వస్తుంది. కంటిపాప ఆవగింజంత అవుతుంది. చర్మం కింద కండరాలు పురుగులు పాకినట్టు అదురుతాయి. చివరికి శ్వాస తీసే కండరాలు అలసి ఆగిపోతాయి.

ఒకసారి తొమ్మిదేళ్ల పిల్లవాడిని తెచ్చారు. వాడు ఏదీ తాగలేదు, తినలేదు. నాన్న పత్తికి పిచికారీ చేస్తుంటే బిందెతో నీళ్లు మోశాడు. గాలి వాడి వైపు వీచింది, చొక్కా తడిసింది. ఎండదెబ్బ అనుకుని ఊళ్లో ఎవరో సెలైన్ పెట్టి రెండు గంటలు ఉంచారు. మా దగ్గరికి వచ్చేసరికి చొంగ, చెమట, ఆవగింజ కంటిపాప, అన్నీ ఉన్నాయి. సూది గుచ్చాం, ఆక్సిజన్ పెట్టాం. కాస్త తేరుకుని మళ్లీ దిగజారాడు. ఎందుకని వెతికితే అప్పటికీ ఒంటి మీద ఆ తడి చొక్కా అలాగే ఉంది. విప్పవలసింది నేను. ఆ గుడ్డ నుంచి విషం చర్మంలోకి ఇంకుతూనే ఉంది. విప్పి, తల నుంచి పాదాల దాకా సబ్బుతో కడిగాక గానీ మందులు నిలబడలేదు. వాడు బతికాడు. ఆ చొక్కా రంగు నాకు ఇప్పటికీ గుర్తుంది, లేత ఆకుపచ్చ.

ఇక డబ్బా సంగతి. మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా మూల మీద నిలబెట్టిన చదరం, అంటే పతంగి ఆకారంలో ఒక గుర్తు ఉండాలి. దాని కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపైతే అత్యంత విషపూరితం, పైన పుర్రె, ఎముకలు, విషం అనే మాట. పసుపైతే తీవ్ర విషం, పుర్రె ఉండదు కానీ విషం అనే మాట ఉంటుంది. నీలం ఒక మోస్తరుది, దాని మీద ప్రమాదం అని రాస్తారు. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువది, జాగ్రత్త అని ఉంటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్లలో పసుపు అంటే శుభం. బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మను పసుపుతోనే చేస్తాం. పచ్చగా ఉండమని దీవిస్తాం. చదువురాని పెద్దవాళ్లు పసుపు గుర్తున్న డబ్బా చూసి, ఇది ఎరుపు కాదు కదా, ఏమీ కాదులే అనడం నా చెవులతో విన్నాను. ఆ పతంగి మీది పసుపు గౌరమ్మ పసుపు కాదు. నాలుగు మెట్లలో పైనుంచి రెండో మెట్టు అది. క్లోర్‌పైరిఫాస్ ఆ మెట్టు మీదే ఉంటుంది. ఆకుపచ్చ కూడా తాగే నీళ్ల పక్కన పెట్టుకోవచ్చని చెప్పదు.

రంగును ఎలా నిర్ణయిస్తారో మీలో సైన్సు ఇష్టపడేవాళ్లు అడుగుతారు. ఎలుకలకు విషం ఇచ్చి, వాటిలో సగం చనిపోవడానికి శరీర బరువులో కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో కొలుస్తారు. అంకె ఎంత చిన్నదైతే విషం అంత ఘోరమైనది. నోటి ద్వారా అయితే 50 వరకు ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం ద్వారా సోకేదానికి వేరే అంకెలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక వేరు. అందులో కిలోకు 5 మిల్లీగ్రాముల లోపువి ఒకటి-ఎ తరగతి, 5 నుంచి 50 వరకు ఒకటి-బి. ఫోరేట్ గుళికలు ఒకటి-ఎ, మోనోక్రోటోఫాస్ ఒకటి-బి. మన పతంగిలో రెండింటికీ ఒకటే ఎరుపు. మరోవైపు మన దగ్గర తీవ్రం అని పసుపు గుర్తు పడే క్లోర్‌పైరిఫాస్‌ను ఆ పట్టిక మధ్యస్థం అంటుంది. మధ్యస్థం అన్న మాట విని ఎవరూ మోసపోకండి. పైగా ఈ రంగులన్నీ ఒక్కసారిగా ఒంట్లోకి వెళితే ఏమవుతుందో మాత్రమే చెబుతాయి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సోకితే ఏమవుతుందో, తేనెటీగలకూ చేపలకూ ఏమవుతుందో ఆ పతంగి మీద కనబడదు. లెక్క కిలో బరువుకు కాబట్టి, నాన్నకు తలనొప్పితో పోయేది మీకు అంతటితో పోదు.

మోనోక్రోటోఫాస్‌ను మా కాలంలో ముద్దుగా మోనో అనేవారు. పిచికారీకి లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు. పచ్చదోమ, పేనుబంకల కోసం పత్తి కాండానికి నేరుగా పూసే పద్ధతి ఇంకొకటి ఉండేది. దానికి ఒక పాలు విషం, నాలుగు పాళ్లు నీళ్లు. మా ఊళ్లో దాన్ని బొట్టు పెట్టడం అనేవారు. కుంచెలు పట్టుకుని సాళ్ల వెంట వంగి ఆ బొట్లు పెట్టినవాళ్లలో ఆడవాళ్లు, మీ వయసు పిల్లలు ఎక్కువ. చేతికి తొడుగు ఉన్నవాళ్లను నేను చూడలేదు. ఆ తలనొప్పులు, వాంతులు ఎండవల్లే అనుకున్నాం.

2013 జులై 16న బీహార్‌లోని సారన్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్టు పరీక్షల్లో తేలింది. అంతకుముందు పురుగుల విషం ఉన్న డబ్బాలోనే ఆ నూనె నిలవ ఉంచారని దర్యాప్తు చెప్పింది. మీలాంటి పిల్లలే, మీలాగే కంచాలు పట్టుకుని వరుసలో కూర్చున్నవాళ్లు. ఆ వార్త చదివిన రాత్రి నేను మా ఇంట్లో ఉన్న ప్రతి ప్లాస్టిక్ డబ్బాను బయటికి తీసి దాని పుట్టుక అడిగాను. మీరూ అడగండి. బావి దగ్గర నీళ్ల చెంబుగా వాడేది, స్నానాల గదిలో మగ్గుగా కోసింది, విత్తనాలు పోసింది, ఏదైనా సరే. ఎన్నిసార్లు కడిగినా ఆ ప్లాస్టిక్ తిరిగి వంటింటికి రాకూడదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోయాలి. తర్వాత దానికి చిల్లులు పొడిచి, చెరువుకూ బావికీ దూరంగా పాతిపెట్టాలి. కాల్చకూడదు, పొగ కూడా విషమే. పంపును చెరువులో కడిగేవాళ్లు కనబడితే పెద్దవాళ్లతో చెప్పించండి. మన బతుకమ్మను సాగనంపేది ఆ నీళ్లలోకే.

మోనోక్రోటోఫాస్‌ను 2005లోనే కూరగాయల మీద వాడకూడదన్నారు. 36 శాతం ద్రావణాన్ని 2023లో కేంద్రం నిషేధించింది. ఫోరేట్, ట్రయాజోఫాస్ 2020 చివరితో ఆగాయి. కానీ గొడ్ల కొట్టంలో, అటక మీద పాత సీసాలకు ఆ ఉత్తర్వు సంగతి తెలియదు. మీ ఇంట్లో ఉన్నవాటి పేర్లు చదవండి. ముట్టుకోకుండా, దూరం నుంచి. ఎరుపో పసుపో కనబడితే తాళం వేసిన పెట్టెలో పెట్టించండి, నిషేధించినవైతే వ్యవసాయ విస్తరణాధికారికి చెప్పించండి.

తాళం గురించి ఇంకో మాట. 1997-98లో మన జిల్లాలో పురుగు తాకిడికి పత్తి పోయి, అప్పులు మిగిలి, ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. ఆ రోజులు నేను వార్డులోనే ఉన్నాను. మా దగ్గర కోలుకున్నవాళ్లలో చాలామంది, ఆ ఘడియ ఎలా వచ్చిందో తెలియదని, బతికినందుకు సంతోషంగా ఉందని నాతో చెప్పారు. ఆ ఘడియలో చేతికి అందకపోతే చాలు, మనిషి దక్కుతాడు. శ్రీలంకలో 1995 నాటికి అత్యంత ఘోరమైన తరగతుల విషాలన్నిటినీ ఆపేశారు. తర్వాతి పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది, పంట దిగుబడి మాత్రం పడిపోలేదు. ఇంట్లో ఎవరైనా ముభావంగా, ఇక చాలు అన్నట్టు మాట్లాడుతుంటే అది మీరు మోయాల్సిన బరువు కాదు. వెంటనే ఇంకో పెద్దవాళ్లకు చెప్పండి. మీకే అలా అనిపించినా చెప్పండి. 14416 కు ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మా తలుపు సంగతి మీకు తెలుసు.

ఎవరికైనా విషం సోకితే ముందు 108. వాళ్లు వచ్చేలోగా పెద్దవాళ్లు చేతులకు తొడుగులో, ప్లాస్టిక్ సంచులో వేసుకుని తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో, ధారగా నీళ్లతో ఒళ్లు, జుట్టు, గోళ్ల కింద కడగాలి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించడం వద్దే వద్దు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయినవాళ్లను చూశాను. డబ్బానో, దాని మీది కాగితం ఫోటోనో వెంట తీసుకెళ్లాలి. పేరు తెలిస్తే వైద్యుడికి సగం దారి తెలిసినట్టే.

అక్కడ ఇచ్చే అట్రోపిన్ నీరటి కట్లు విప్పదు. మడుల కాలువలకు అడ్డం వేసి వరద లోపలికి రాకుండా ఆపుతుంది. అందుకే ఊపిరితిత్తులు ఆరేదాకా మళ్లీ మళ్లీ ఇస్తూనే ఉంటారు. కట్లు విప్పడానికి ప్రాలిడాక్సిమ్ అని వేరే మందు ఉంది. ఆలస్యమైతే ఆ ముడి బిగిసిపోయి అదీ విప్పలేదు. తేరుకున్నట్టే ఉన్న మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ వాలిపోయి, శ్వాస మళ్లీ కుంటుపడవచ్చు. బాగయ్యాడు కదా, ఇంటికి తీసుకుపోతాం అని వైద్యులతో ఎవరూ గొడవపడకూడదు.

ఇప్పుడు పూల సంగతి. సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుంది. పత్తి, మిరప చేలల్లోకి వెళ్లకండి. చెరువు కట్ట మీద తంగేడు విరగబూసింది. గునుగు మా ఇంటి వెనక బీడులో నడుం ఎత్తు లేచింది, అక్కడ ఈ ఏడు ఎవరూ ఏమీ వేయలేదు, ఏమీ కొట్టలేదు. పొద్దున్నే రండి. కత్తెరలు నాలుగు తెప్పించి ఉంచాను.

మీ నర్సమ్మ అమ్మమ్మ