ఇంటెల్ షేరు: ఏనుగూ, దాని మేతా

2024 ఆగస్టు 2న అమెరికా చిప్‌ల కంపెనీ ఇంటెల్ షేరు ఒక్కరోజులో 26 శాతం పడింది. ముందురోజు సాయంత్రమే కంపెనీ 160 కోట్ల డాలర్ల త్రైమాసిక నష్టం చూపించింది. సుమారు 15 వేల ఉద్యోగాలు తీసేస్తామంది, వాటాదారులకు 1992 నుంచి లాభాల్లోంచి పంచుతున్న డివిడెండ్ ఆపేస్తామంది. 2000లో 75 డాలర్ల దాకా వెళ్ళిన షేరు 22 డాలర్ల లోపుకు దిగింది.

అక్కడి నుంచి ఇన్వెస్టర్ల వాదన ముదిరింది. ఒక వర్గానిది ఏనుగు లెక్క: బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. ఫ్యాక్టరీలు, యంత్రాలు అన్నీ కలిపి ఖాతా పుస్తకాల్లో ఉన్న విలువ కన్నా షేరు చౌకగా దొరుకుతోంది, ఇంకేం కావాలి అన్నారు వాళ్ళు. రెండో వర్గం అడిగింది ఒక్కటే: మేత ఎవరు పెడతారు? చిప్‌ల తయారీ విభాగం 2023 ఒక్క ఏడాదిలోనే 700 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం తెచ్చింది మరి.

ఇంటెల్ తన చిప్‌లను తానే డిజైన్ చేసుకుని, తానే తయారుచేసుకునేది. పోటీ చిప్ కంపెనీల్లో ఎన్విడియాకు సొంత ఫ్యాక్టరీలు ఎప్పుడూ లేవు. ఏఎండీ 2009లో తనవి వదిలించుకుంది. తయారీలో అందరికన్నా ముందున్నంత కాలం ఇంటెల్‌కు ఫ్యాక్టరీలే బలం. 10 నానోమీటర్ల తరం చిప్ (ఈ అంకె తగ్గేకొద్దీ తరం కొత్తది) దగ్గర ఆ బలం తిరగబడింది. 2016 నాటికే రావాల్సింది, పెద్దఎత్తున తయారయ్యేసరికి 2019 అయింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఈయూవీ అనే కొత్తరకం కాంతితో చిప్‌లు ముద్రించే యంత్రాల కోసం డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్‌తో 2012లో 410 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది ఇంటెలే. తీరా 10 నానోమీటర్ల దగ్గరికొచ్చాక ఆ యంత్రాలు ఇంకా సిద్ధం కాలేదని పాత కాంతితోనే నెట్టుకురావాలనుకుంది. అంటే ఒకే పొరను పలుమార్లు ముద్రించాలి. పెడన కలంకారీలో అచ్చు మీద అచ్చు వేసేటప్పుడు ఒక్కటి పక్కకు జరిగితే గుడ్డ పాడైనట్టే, ఇక్కడా చెడిపోయే చిప్‌లు పెరిగాయి. ఇతర కంపెనీలకు చిప్‌లు చేసిపెట్టే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 2019కే ఈయూవీతో చిప్‌లు చేసేస్తోంది. ఏఎస్ఎంఎల్‌లో కొన్న వాటాను ఇంటెల్ తర్వాత అమ్మేసుకుంది కూడా.

డబ్బు లేక వెనకబడిందా అంటే, అదీ కాదు. 2019, 2020 రెండేళ్ళలో సొంత షేర్లు తిరిగి కొనడానికే 2,500 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. నా దృష్టిలో ఇన్వెస్టర్లు కూడా జవాబు చెప్పుకోవాల్సిన చోటిది. ఆ బైబ్యాక్‌లకు చప్పట్లు కొట్టింది వాళ్ళే.

2020 జులైలో 7 నానోమీటర్లూ ఆలస్యమన్నారు. నవంబర్‌లో, అప్పటిదాకా మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ చిప్‌లు వాడిన యాపిల్ సొంత చిప్‌తో మ్యాక్‌లు తెచ్చింది. 2021లో సీఈఓగా వచ్చిన పాట్ గెల్సింగర్ ఇతర కంపెనీలకూ చిప్‌లు చేసిపెడతామని భారీగా ఫ్యాక్టరీలు మొదలుపెట్టారు. ఖర్చు ముందే వచ్చింది, కస్టమర్లు రాలేదు. 2024 నవంబర్‌లో 30 పెద్ద అమెరికా కంపెనీల షేర్ల సూచీ డౌ జోన్స్‌లో ఇంటెల్ స్థానం ఎన్విడియాకు పోయింది, డిసెంబర్‌లో గెల్సింగర్ పదవీ పోయింది. అమెరికాలో ఇంటెల్ ఫ్యాక్టరీలున్న చాండ్లర్‌లోనో హిల్స్‌బరోలోనో జీతంతోపాటు కంపెనీ షేర్లు అందుకునే మన ఇంజినీర్లకు ఇది ఉత్త మార్కెట్ వార్త కాదు. ఉద్యోగం టెన్షన్, పొదుపు టెన్షన్ రెండూ ఒకేచోట.

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే షేరు 20.47 డాలర్ల చొప్పున సుమారు 10 శాతం వాటా తీసుకుంది. సెప్టెంబర్‌లో ఎన్విడియా 23.28 డాలర్ల చొప్పున 500 కోట్ల డాలర్లు పెడతానంది, షేరు ఒక్కరోజులో 20 శాతానికి పైగా ఎగిరింది. ఏనుగు లెక్కవాళ్ళకు అది పండగే. అయితే ఆ ఒప్పందంలో ఎన్విడియా తన చిప్‌లను ఇంటెల్ ఫ్యాక్టరీల్లో చేయిస్తానని మాట ఇవ్వలేదు. అప్పటికి రెండు నెలల ముందే కొత్త సీఈఓ లిప్-బు టాన్ హయాంలో కంపెనీ ఒక హెచ్చరిక చేసింది: తర్వాతి తరం 14ఏ తయారీకి బయటినుంచి పెద్ద కస్టమర్ దొరక్కపోతే దాన్ని ఆపేయవచ్చని.