పసిబిడ్డ మంచం కొనేముందు టేపు తీయండి: అపోహలు – వాస్తవాలు

పసిబిడ్డకు మంచం అనగానే మనవాళ్లు ముందు కర్ర చూస్తారు, తర్వాత రంగు, ఆ తర్వాత ధర. నెల్లూరు ట్రంకు రోడ్డులో షోరూముకు వెళ్లినా, ఊళ్లో వడ్రంగికి చెప్పి చేయించినా వరస ఇదే. ప్రమాదాలు మాత్రం ఎక్కువగా సందుల దగ్గర జరుగుతాయి. చువ్వకూ చువ్వకూ మధ్య, పరుపుకూ చెక్కకూ మధ్య, బిడ్డ ముఖానికీ బట్టకూ మధ్య. కాబట్టి మంచం చూడబోయేటప్పుడు జేబులో ఒక కొలతల టేపు ఉండాలి.

అపోహ: "టేకుతో చేయించాం, ఇంకేం భయం?"

టేకు మంచిదే. చెద పట్టడం తక్కువ, వానలకు అంతగా ఉబ్బదు. కానీ టేకు మంచంలోనూ తల ఇరుక్కుంటుంది. చువ్వల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు దాటకూడదు, 4.5కు తగ్గకూడదు. దాటితే బిడ్డ కాళ్లు, నడుము సందులోంచి బయటికి జారతాయి, తల మాత్రం లోపలే ఆగిపోతుంది. పసివాళ్ల ఒళ్లు మెత్తన, తల పెద్దది. అందుకే కాళ్ల వైపు నుంచి జారడమే అసలు ప్రమాదం. తగ్గితే చేయో కాలో పట్టేస్తుంది. పలకల్లో, అతుకుల్లో 7 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వదిలినా వేలు ఇరుక్కుంటుంది.

వడ్రంగికి "దగ్గర దగ్గరగా వెయ్యి" అని చెబితే చాలదు, లెక్క చెప్పాలి. లోపలి పొడవు 120 సెంటీమీటర్లు, చువ్వ మందం 2 సెంటీమీటర్లు అనుకుంటే ఒక పక్కకు 15 చువ్వలు పడాలి. అప్పుడు 16 ఖాళీలు, ఒక్కోటి సుమారు 5.6 సెంటీమీటర్లు, అంటే రెండుంపావు అంగుళాల లోపే. కర్ర కలిసొస్తుందని 12తో సరిపెడితే ఖాళీ 7.4కు పోతుంది. చూపుకు తేడా తెలియదు, టేపు పెడితేనే తెలుస్తుంది.

చువ్వలు నిలువుగానే ఉండాలి. అడ్డంగా వేస్తే తొమ్మిదో నెలకల్లా పిల్లోడికి అది నిచ్చెన. కోళ్లు పై కమ్మీకి మించి పైకి పొడుచుకు రాకూడదు, వాటి మీద గుబ్బలు వద్దు, తలాపి పలకకు నగిషీ చిల్లులు వద్దు. మెడలో దిష్టి తాడు, తాయెత్తు, సన్న గొలుసు వేసే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం: లేవబోయిన బిడ్డ తాడు గుబ్బకు తగులుకుంటే వదిలించుకోవడం వాడికి రాదు. నిద్రపుచ్చే ముందు మెడలోవి తీసేయండి. మొలతాడు ఉండనివ్వచ్చు, వదులుగా వేలాడకుండా చూస్తే చాలు.

ఇనుప మంచానికీ కొలతలు ఇవే. కాకపోతే కొత్తపట్నం, సింగరాయకొండ లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి వెల్డింగు అతుకుల దగ్గర ముందు తుప్పు మొదలవుతుంది. అక్కడ రంగు పొరలు లేచి బిడ్డ నోట్లోకి పోతాయి. నెలకోసారి అతుకులు తడిమి చూడాలి.

అపోహ: "మా నాయన పడుకున్న తొట్టి, మూడు తరాలు పెరిగారు దాంట్లో"

పాత తొట్టిలో చేవ ఉండొచ్చు, రంగే అనుమానం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. పళ్లొచ్చే బిడ్డ పై కమ్మీని కొరుకుతుంది, అది వాళ్ల పని. ఆ రంగును ఉప్పు కాగితంతో పొడిగా రుద్దితే సీసం దుమ్ము ఇల్లంతా పడుతుంది. తడిపి రుద్దాలి, ఆరుబయట రుద్దాలి, బాలింత, పిల్లలు దగ్గర లేకుండా చూడాలి. రుద్దిన నీళ్లు, రంగు పెచ్చులు పెరట్లో పొయ్యకండి. ఇంత చేశాక కూడా చువ్వల మధ్య ఖాళీ సరిపోకపోతే ఆ తొట్టిని బొమ్మలు పెట్టుకోవడానికి వాడండి.

కొత్త రంగు వేయిస్తే వాసన పూర్తిగా పోయేదాకా వారాల తరబడి గాలికి వదలాలి. "పుట్టకముందే మంచం ఇంటికి తేకూడదు" అనే పట్టింపు ఉన్నవాళ్లకు ఇందులో ఇబ్బందేమీ లేదు. ఏడో నెలలో చెప్పి చేయించి, వడ్రంగి దగ్గరే ఆరనిచ్చి, బిడ్డ పుట్టాక తెచ్చుకోవచ్చు.

అపోహ: "ఆవాల దిండు పెట్టకపోతే తల చదునైపోతుంది"

మన వైపు అమ్మమ్మలందరూ చెప్పే మాట. తల గుండ్రంగా రావాలన్న ఆశలో తప్పులేదు, దిండుతోనే చిక్కు. బిడ్డకు ఏడాది నిండేదాకా ఏ దిండూ వద్దు, ఆవాలదైనా, బూరుగు దూదిదైనా, షాపువాడు "తల ఆకారం కోసం" అని అమ్మే గుంట దిండైనా. మెడ ముందుకు వంగితే గడ్డం ఛాతీకి ఆని శ్వాసనాళం నొక్కుకుంటుంది. పక్కకు తిరిగితే ముక్కు దిండులో కూరుకుంటుంది. ఆవాల దిండు కుట్టు విప్పుకుంటే గింజలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి.

తల ఒకే వైపు చదునవుతుంటే పడుకోబెట్టే దిక్కు మార్చండి. ఇవాళ తల తూర్పుకు, రేపు పడమరకు. బిడ్డ వెలుతురు వైపో తల్లి వైపో తిరుగుతుంది కాబట్టి మెడ దానంతటదే రెండు పక్కలకూ తిరుగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, మనిషి ఎదురుగా ఉండగా, రోజుకు రెండు మూడుసార్లు మూడు నుంచి ఐదు నిమిషాలు బోర్లా వెయ్యండి. ఏడు వారాలు వచ్చేసరికి ఇది రోజు మొత్తంలో 15 నుంచి 30 నిమిషాలకు చేరాలి. మెడ బలపడుతుంది, తల వెనక ఒత్తిడి తగ్గుతుంది.

దిండుతో పాటు పోవాల్సినవి ఇంకా ఉన్నాయి: చువ్వలకు కట్టే మెత్తటి బంపర్లు, బొచ్చు బొమ్మలు, బొంత మీద బొంత. తల చువ్వకు కొట్టుకుంటుందని బంపరు కడతారు. కొట్టుకుంటే చిన్న బొప్పి. బంపరుకూ పరుపుకూ మధ్య ముఖం ఇరుక్కుంటే ఊపిరే ఆగుతుంది. అమెరికా 2022లో చట్టం చేసి మెత్తటి బంపర్లనూ, 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకలనూ అమ్మకుండా ఆపింది. మన షాపుల్లో రెండూ "కాంబో సెట్"లో దొరుకుతాయి. ఆ సెట్టులో పనికొచ్చేది దుప్పటి ఒక్కటే, అదీ పరుపుకు బిగుతుగా పట్టేదైతే.

అపోహ: "వెల్లకిలా వేస్తే పాలు కక్కి గొంతుకు అడ్డం పడతాయి"

వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక దాని కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా ఉన్నప్పుడే అవి సులువుగా అటు జారతాయి. ఏడాది నిండేదాకా పగలైనా రాత్రైనా నిద్రకు వెల్లకిలాయే. పక్కకు తిప్పి వేస్తే కాసేపటికి బోర్లా పడే వీలుంది, అదీ వద్దు. బిడ్డ రెండు వైపులకూ సొంతంగా బోర్లపడి మళ్లీ వెల్లకిలా తిరగడం నేర్చాక, నిద్రలో తానుగా తిరిగితే అలాగే వదిలేయొచ్చు. తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టడం వల్ల కక్కడం తగ్గదు, బిడ్డ కిందికి జారి మెలికపడుతుంది. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు రానిచ్చి పడుకోబెట్టడమే మంచి పద్ధతి. బరువు పెరగకుండా కక్కుతుంటే పిల్లల డాక్టరుకు చూపించాలి.

అపోహ: "చీర ఉయ్యాలంత సుఖం మంచంలో ఏముంది?"

బిడ్డకు నిద్ర పట్టే మాట నిజమే. ఊపు, అమ్మ చీర వాసన, ఒళ్లు చుట్టుకున్న బట్ట, అన్నీ కలుస్తాయి. బారసాల నాడు ఉయ్యాలలో వేయడం మన ఇళ్ల వేడుక, దాన్ని ఎవరూ మానమనరు. అయితే వేడుకకు ఓ గంట వాడటం వేరు, రాత్రంతా అందులోనే పడుకోబెట్టడం వేరు.

చీర మధ్యలో గుంట పడుతుంది, వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. అంచులు రెండూ దగ్గరికొచ్చి ముఖం మీద మూసుకుంటాయి. నాలుగైదు నెలల్లో బిడ్డ తిరగడం మొదలెట్టాక అంచు మీదుగా దొర్లి పడుతుంది. అన్నిటికంటే ఘోరమైనది పెద్దపిల్లల ఆట: ఖాళీగా వేలాడుతున్న చీరలో కూర్చుని గిరగిరా తిరిగితే అది మెలితిరిగి మెడకు బిగుస్తుంది. చీర ఉయ్యాలలో ఆడుకుంటూ పిల్లలు చనిపోయారన్న వార్తలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కడుపునొప్పి వస్తుందని పెద్దలు కసురుతారు. కడుపునొప్పి మాట అటుంచితే, ఆ కసురు మాత్రం మానకండి.

వాడక తప్పదనుకుంటే ఇలా వాడండి:

- కొక్కెం స్లాబులో దిగిందైనా, దూలానికి వేసిందైనా సరే, ఫ్యాను కొక్కెం మాత్రం వద్దు. 26 కిలోల బియ్యం బస్తాను వేలాడదీసి ఊపి, గంట వదిలి చూడండి.
- ఉయ్యాల కింది భాగం నేలకు ఒక అడుగు ఎత్తుకు మించకూడదు. కింద బండలైతే బొంత పరవండి.
- పైన అడ్డుకర్ర కట్టి అంచులు విడిగా ఉంచండి. కర్ర జారకుండా రెండు చివర్లా గాడి ఉండాలి.
- స్ప్రింగు ఉయ్యాలైతే స్ప్రింగు లోపలి నుంచి ఒక గట్టి తాడు వదులుగా కట్టండి. స్ప్రింగు తెగినా తాడు పట్టుకుంటుంది.
- పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. నిద్ర పట్టగానే తీసి మంచంలో వెల్లకిలా వేయాలి. వాడకం అయ్యాక చీరను విప్పేయాలి.

నవారు మంచం, నులక మంచం సంగతీ అంతే, మధ్యలో కుంగుతాయి. చదునైన నేల మీద చాప, దాని మీద పలచటి బొంత వాటికన్నా నయం. తేళ్లు, జెర్రులు తిరిగే పడమటి పల్లెల్లో మాత్రం నేల పడక కుదరదు. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే అలవాటు ఉంటే, ఆ నీళ్లు రెండు మూడు రోజులకోసారి పారబోసి గిన్నె తోమాలి. లేకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టు.

అపోహ: "మెత్తటి పరుపైతే ఒళ్లు నొప్పి పుట్టదు"

బిడ్డకు గట్టి పరుపే కావాలి. అరచేత్తో నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి, చేతి గుంట మిగలకూడదు. కొబ్బరి పీచు పరుపు గానీ, దట్టమైన ఫోము గానీ 4 అంగుళాల మందం లోపు చాలు. దూదితో కుట్టిస్తే నెలల్లో అణిగి చుట్టూ సందు పెరుగుతుంది. పరుపును ఒక మూలకు జరిపి ఎదుటి అంచులో వేళ్లు పెట్టి చూడండి: రెండు వేళ్లకు మించి పడితే, అంటే 3 సెంటీమీటర్లు దాటితే, అది మార్చాల్సిన పరుపే. సందులో దుప్పటి కుక్కడం పరిష్కారం కాదు. తడవకుండా వేసే రబ్బరు షీటు బిగుతు దుప్పటి కిందే ఉండాలి, పలచటి ప్లాస్టిక్ కవరు అసలు వద్దు. కార్తీకం వానల్లో పరుపు చెమ్మ పట్టి బూజెక్కుతుంది కాబట్టి కింద పలక బదులు బద్దలు వేయించుకుంటే గాలి ఆడుతుంది.

అపోహ: "పక్క కిందికి జారే మంచమైతే తల్లికి వంగే పని ఉండదు"

ఆపరేషన్ అయిన తల్లికి వంగడం కష్టమే. అయినా ఈ జారే పక్క వద్దు. గాడిలో పెట్టిన ప్లాస్టిక్ కొక్కేలు అరిగి విరిగితే పక్క ఒక మూల ఊడి, ఆ సందులో బిడ్డ ఇరుక్కుంటుంది. ఇలాంటి మంచాల అమ్మకాన్ని అమెరికా 2011 జూన్ నుంచి నిషేధించింది. వంగే బాధ తప్పాలంటే అడుగు ఎత్తు మార్చుకునే మంచం చేయించుకోండి. పక్కకు మూడు బోల్టు రంధ్రాలు పెడితే చాలు. మొదటి నెలల్లో అడుగు పైన, బిడ్డ చేతుల మీద లేస్తున్నాడనగా మధ్యన, పట్టుకుని నిలబడేలోపు అట్టడుగున. అట్టడుగున పెట్టినప్పుడు అడుగు నుంచి పై కమ్మీకి కనీసం 60 సెంటీమీటర్లు, పరుపు పోను 50 మిగలాలి.

మేకులు కొట్టిన అడుగు వద్దు, నట్టు బోల్టు, వాటికి స్ప్రింగు వాషర్లు. వానాకాలం ఉబ్బిన కర్ర ఎండల్లో కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. నెలకోసారి బిగించాలి. పురుడు పుట్టింట్లో, తర్వాత అత్తారింటికి ప్రయాణం కాబట్టి విప్పి ఆటోలో వేసుకునేలా బోల్టులతో చేయించడమే అనుకూలం. చక్రాలుంటే కనీసం రెండింటికి లాకు ఉండాలి.

అపోహ: "దోమతెర ఉంటే చాలు, ఇంకేం చూడక్కర్లేదు"

మన దగ్గర దోమతెర తప్పనిసరి, వేసే తీరులోనే జాగ్రత్త. గొడుగు తెరతో కలిపి అమ్మే చిన్న పడకల్లో మెత్తటి పరుపు, దిండు కూడా కుట్టి ఉంటాయి. తెర మాత్రం తీసుకుని, గట్టి పరుపు మీద వాడండి. మంచానికి కట్టే తెర బిగుతుగా, బిడ్డ చేతికి అందనంత ఎత్తులో ఉండి, అంచులు పరుపు కిందికి పోవాలి. కట్టుతాళ్లు 18 సెంటీమీటర్లకు మించి వేలాడకూడదు. బిడ్డ నిలబడడం మొదలెట్టాక తెరను మంచానికి కాకుండా గదిలో పైనుంచి, పెద్ద కొలతలో వేయండి. మందు పూసిన తెర పసిబిడ్డలకు వాడొచ్చు. కాయిల్ మాత్రం బిడ్డ గదిలో వెలిగించకండి.

అపోహ: "పసిబిడ్డకు ఎప్పుడూ చలే, టోపీ తీయకూడదు"

రోహిణి కార్తెలో ఒంగోల్లో టోపీ, సాక్సు, బొంత కప్పుకుని నిద్రపోయే బిడ్డకు వేడే ప్రమాదం. పసివాళ్లు ఒంట్లో వేడిని ఎక్కువగా తలనుంచి వదులుతారు, టోపీ దాన్ని ఆపుతుంది. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని కంగారుపడకండి. ఛాతీ మీద గానీ మెడ వెనక గానీ తాకి చూడండి. అక్కడ చెమట పట్టిందంటే ఒక పొర తీసేయండి. పలచటి నూలు జుబ్బా ఒక్కటి చాలు. కూలరు గాలి సూటిగా తగలకూడదు, దాని వైరు, స్విచ్‌బోర్డు, కిటికీ తెరల తాళ్లు మంచానికి కనీసం మీటరు దూరంలో ఉండాలి.

మంచం తల్లి మంచం పక్కనే, అదే గదిలో, కనీసం ఆరు నెలలు ఉండాలి. రాత్రి పాలిచ్చి మళ్లీ అందులోనే వేయడానికి వీలుగా చేతికందే దూరంలో పెట్టండి. సోఫాలో బిడ్డతో కలిసి కునుకు తీయడం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ వద్దు.

బిడ్డ ఎత్తు 90 సెంటీమీటర్లకు చేరినా, అంతకుముందే పై కమ్మీ మీదికి కాలు వేసినా ఆ రోజుతో ఈ మంచం వాడకం ఆపేయాలి. "ఐదేళ్లదాకా వస్తుంది" అని షాపువాడు చెప్పిన మాట, పక్కలు విప్పి చిన్న మంచంగా మార్చుకునే వీలుంటేనే లెక్క.