పగటి నిద్రమత్తుకూ కొలత ఉంది

ప్రియమైన పిల్లలకు,

తరగతిలో కునుకు తీసేవాడిని బద్ధకస్తుడని ముద్ర వేయడం మన పెద్దలకు అలవాటు. రాత్రి చాలినంత పడుకున్నా పగలు కళ్లు మూతలు పడుతుంటే అది జబ్బు లక్షణం కావచ్చునని, దానిని కొలిచి తెలుసుకునే పద్ధతులు ఉన్నాయని మీకు తెలియాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

జ్వరానికి థర్మామీటరు ఉన్నట్టు నిద్రమత్తుకు ఏ ఒక్క పరికరమూ లేదు కనుక, వైద్యులు ముందుగా రోగినే అడుగుతారు. ఇందుకు ఎక్కువగా వాడే ఎప్‌వర్త్ స్కేలు అనే ప్రశ్నల పట్టికను మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ మర్రే జాన్స్ 1991లో ప్రచురించారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కాసేపు ఆగినప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి రోగి 0 నుంచి 3 వరకు అంకె వేయాలి. మొత్తం 24కు గాను 10 దాటితే మత్తు ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ‘మీకు మత్తుగా ఉందా’ అని కాకుండా ‘కునుకు పడుతుందా’ అని అడగడం నాకు ఎంతో తెలివైన పని అనిపిస్తుంది. ఎందుకంటే ఏళ్ల తరబడి గురకతో, నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే స్లీప్ ఆప్నియా అనే జబ్బుతో బాధపడేవారికి ఆ మత్తే మామూలైపోయి, అడిగితే ‘బాగానే ఉన్నాను’ అంటారు.

మాట మీదనే ఆధారపడకూడదనుకున్నప్పుడు స్లీప్ ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్, విలియం డిమెంట్ అనే నిద్ర పరిశోధకులు రూపొందించిన ఈ పరీక్షలో, రాత్రి నిద్రను నమోదు చేసిన మర్నాడు, రెండేసి గంటల తేడాతో నాలుగైదు సార్లు చీకటి గదిలో పడుకోబెట్టి, తలకు అతికించిన తీగల ద్వారా మెదడు తరంగాలను గమనిస్తూ, ఎన్ని నిమిషాలకు నిద్ర పట్టిందో చూస్తారు. సగటున 8 నిమిషాలలోపే నిద్రపట్టి, కనీసం రెండుసార్లు 15 నిమిషాలలోపే కలల నిద్ర మొదలైతే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీ అనే జబ్బు ఉందన్న అనుమానం బలపడుతుంది. దీనికి ఎదురు పరీక్ష మరొకటి ఉంది: మసక వెలుతురులో కూర్చుని 40 నిమిషాలు మెలకువగా ఉండగలరా అన్నది అందులో చూస్తారు.

కార్స్‌కాడన్ స్టాన్‌ఫర్డ్‌లో వేసవి శిబిరం పెట్టి, మీ వయసు పిల్లలను ఏటేటా ఇలాగే పరీక్షించారు. రాత్రి పది గంటలు పడకలో ఉండనిచ్చినా, పెద్దవుతున్న కొద్దీ పిల్లల రాత్రి నిద్ర తగ్గకపోయినా, పగటి మత్తు మాత్రం పెరిగింది. అందుచేత మీలో ఎవరికైనా పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే సిగ్గుపడకుండా అమ్మానాన్నలకు చెప్పండి. వైద్యుని దగ్గరకు వెళ్లేముందు రెండు వారాలపాటు పడుకున్న వేళ, లేచిన వేళ, పగలు కునుకు పట్టిన వేళ ఒక నోటుపుస్తకంలో రాసి, దానిని వెంట తీసుకెళ్లండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య